బంగారం చెప్పే సాక్ష్యం: నానో కణాలు, ప్లాస్మోనిక్స్, సూక్ష్మ ప్రవాహాలు

బంగారు నానో కణాలను తయారుచేసే పద్ధతుల్లో అన్నిటికంటే సులువైనది 1951లో జాన్ టర్కెవిచ్, ఆయన సహచరులు వివరించిన సిట్రేట్ పద్ధతి. బంగారం ఉన్న క్లోరోఆరిక్ ఆమ్లాన్ని బాగా పలచగా కలిపిన నీటిని మరిగించి, అందులో సోడియం సిట్రేట్ ద్రావణాన్ని ఒక్కసారిగా పోస్తే, లేత పసుపు రంగులో ఉన్న ద్రవం ముందు వెలిసిపోతుంది, తరువాత నీలి నలుపుకు తిరుగుతుంది, కొన్ని నిమిషాల్లో దానిమ్మ రసంలా ఎర్రబడి నిలుస్తుంది. ఎమ్మెస్సీ విద్యార్థి ఒక్క పూటలో నేర్చుకోగలిగిన ప్రయోగం ఇది. అయితే అదే విద్యార్థి అవే తూకాలతో, అదే ఫ్లాస్కులో మరుసటి రోజు మళ్లీ చేస్తే ఫలితం అచ్చంగా అలాగే రాదు. నిన్నటి కణాల సగటు వ్యాసం 15 నానోమీటర్లయితే (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) ఇవాళ్టిది 18 కావచ్చు; సగటు మారకపోయినా చిన్న కణాలకూ పెద్ద కణాలకూ మధ్య తేడా పెరగవచ్చు. సిట్రేట్‌ను ఎంత వేగంగా పోశారు, అయస్కాంత కడ్డీ ఎంత చురుగ్గా తిరిగింది, గాజును ముందుగా ఆక్వా రీజియా అనే గాఢ ఆమ్లాల మిశ్రమంతో శుభ్రంగా కడిగారా లేదా అన్నవన్నీ ఆ తేడాలో పాలుపంచుకుంటాయి.

పదార్థాన్ని చిన్నదిగా చేయడం ఎప్పటి నుంచో తెలిసిన విద్యే. చేసినదాన్నే మళ్లీ మళ్లీ ఒకే తీరున చేయడం మాత్రం ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. నానో పదార్థాలు, ప్లాస్మోనిక్స్ (లోహంలోని ఎలక్ట్రాన్లు కాంతికి స్పందించే తీరును చదివే విద్య), మైక్రోఫ్లూయిడిక్స్ (అతి సన్నని కాలువల్లో ద్రవాలను నడిపే విద్య) అనే మూడు పేర్లు ఇటీవలి పదార్థ విజ్ఞాన పరిశోధనల్లో తరచుగా పక్కపక్కనే కనిపించడానికి అసలు కారణం ఇదే. కణాలు ఎలా తయారయ్యాయో వాటి మీద పడిన కాంతి చెబుతుంది. వాటిని ఒకే తీరున తయారుచేసే పని వెంట్రుకంత సన్నని కాలువల్లో ప్రవహించే ద్రవానికి అప్పగించవచ్చు. ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ తేడా వస్తే ఎంత నష్టమో జీడిమెట్లలో, పాశమైలారంలో మందుల కర్మాగారాల్లో పనిచేసేవారికి వేరే చెప్పనవసరం లేదు. నానో కణాల విషయంలో ఆ తేడా ఎక్కడ పుడుతుంది, దాన్ని ఎలా కనిపెట్టవచ్చు, ఎంతవరకు అదుపు చేయవచ్చు అన్నది ఇక్కడ పరిశీలించవలసిన అంశం.

ముందుగా రంగు సంగతి. లోహంలోని ఎలక్ట్రాన్లలో కొన్ని ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా లోహమంతటా తిరుగుతుంటాయి. కాంతి ఒక విద్యుదయస్కాంత తరంగం కాబట్టి, దాని విద్యుత్ క్షేత్రం ఈ ఎలక్ట్రాన్లను ఒకసారి ఇటూ, ఒకసారి అటూ నెడుతుంది. 20 నానోమీటర్ల కణంలో ఎలక్ట్రాన్ల గుంపు ఒక వైపుకు జరిగితే, రెండో వైపున మిగిలిన ధనావేశం దాన్ని వెనక్కి లాగుతుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఊపు పెరిగినట్టు, కాంతి పౌనఃపున్యం ఈ వెనక్కి లాగే వేగానికి సరిపోయినప్పుడు ఊగిసలాట ఎన్నో రెట్లు బలపడుతుంది. ఈ అనునాదానికే స్థానిక ఉపరితల ప్లాస్మాన్ అనునాదం అని పేరు. నీటిలోని గుండ్రటి బంగారు కణాలకు అది సుమారు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతిలో వస్తుంది; వెండికి 400 నానోమీటర్ల దగ్గర, ఊదా అంచున వస్తుంది. బంగారు కణాలు ఆకుపచ్చను మింగేస్తాయి కాబట్టి వాటిని దాటి వచ్చిన కాంతి ఎర్రగా కనిపిస్తుంది. వెండి కణాల ద్రవం పసుపుగా కనిపించడానికీ కారణం ఇటువంటిదే.

ఈ రంగును మనుషులు చాలా ముందే వాడుకున్నారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 4వ శతాబ్దపు రోమన్ గాజు పాత్ర, లైకర్గస్ పాత్రగా పేరుపొందినది, బయటి నుంచి కాంతి పడినప్పుడు ఆకుపచ్చగా, లోపలి నుంచి కాంతి వచ్చినప్పుడు ఎర్రగా కనిపిస్తుంది. ఆ గాజులో వెండి, బంగారు నానో కణాలు ఉన్నాయి. చేసినవారికి కణాల సంగతి తెలిసే అవకాశం లేదు. కారణాన్ని వెతికినవాడు మైకేల్ ఫారడే. క్లోరైడు రూపంలోని బంగారాన్ని భాస్వరంతో క్షయకరణం చేసి ఎర్రటి ద్రవాన్ని తయారుచేసి, ఆ ఎరుపుకు కారణం అందులో తేలుతున్న అతి సూక్ష్మమైన బంగారమేనని 1857లో ఆయన వాదించారు. ఆయన తయారుచేసిన కొన్ని సీసాలు లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. గోళాకార కణం కాంతిని ఎంత మింగుతుంది, ఎంత వెదజల్లుతుంది అన్నదానికి పూర్తి గణితాన్ని 1908లో గుస్తావ్ మీ ఇచ్చారు. ఇవాళ్టి స్పెక్ట్రోమీటర్ తెరపై కనిపించే గీతను అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ ఆ లెక్కనే వాడుతున్నారు.

ఇక్కడ హైదరాబాదు పాతబస్తీ వృత్తి ఒకటి గుర్తుకు తెచ్చుకోదగినది. చార్మినార్ పరిసరాల్లో వరక్ కొట్టే పనివారు వెండి ముక్కను పొరల మధ్య ఉంచి గంటల తరబడి సుత్తితో కొట్టి, మిఠాయి మీద అద్దితే ఊపిరికే చిరిగిపోయేంత పలచని రేకుగా సాగదీస్తారు. మందం మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒక భాగానికి దిగినా ఆ రేకు తెల్లటి వెండిలాగే మెరుస్తుంది గానీ పసుపు రంగు ద్రవంలా కనిపించదు. రేకు ఒక్క దిశలోనే పలచన. మిగతా రెండు దిశల్లో ఎలక్ట్రాన్లకు అడ్డుగోడ లేదు, కాబట్టి వాటిని వెనక్కి లాగే బలం పుట్టదు. చిన్నదనం ఒక్కటే రంగును ఇవ్వదని, ఏ దిశలో ఎంత చిన్నదో, ఆకారం ఏమిటో ముఖ్యమని ఈ పోలిక తేటగా చూపిస్తుంది. ఫారడే కూడా బంగారు రేకులతోనే తన పరిశీలన మొదలుపెట్టారు; బాగా పలచని బంగారు రేకు గుండా వచ్చే కాంతి ఆకుపచ్చగా ఉండడం, ద్రవంలోని బంగారం ఎర్రగా ఉండడం ఆయనను ఆలోచింపజేసిన తేడా.

ఈ అనునాదం ఎంత బలమైనదంటే, 13 నానోమీటర్ల బంగారు కణాల మోలార్ శోషణ గుణకం, అంటే కాంతిని ఎంత బలంగా మింగుతాయో చెప్పే అంకె, సుమారు 27 కోట్లు. మంచి రంగు అద్దకపు అణువుకు అది లక్ష దరిదాపుల్లో ఉంటుంది. అందుకే లీటరుకు ఈ కణాలు మోలులో కొన్ని వందకోట్ల వంతులు మాత్రమే ఉన్నా వాటి రంగు కంటికి కనిపిస్తుంది. మందుల దుకాణంలో దొరికే గర్భ నిర్ధారణ పట్టీ మీద తేలే ఎర్రటి గీత చాలావరకు ఈ బంగారు కణాలదే. కాగితం పొర ద్రవాన్ని పీల్చి తనంతట తానే ముందుకు నడిపిస్తుంది. ప్రతిదేహాలు (యాంటీబాడీలు) అంటించిన కణాలు గీత దగ్గర ఆగుతాయి. పంపు లేదు, కరెంటు లేదు, చదవడానికి పరికరమూ లేదు. ప్లాస్మోనిక్స్, సూక్ష్మ ప్రవాహం కలిసి ఇంటింటికీ చేరిన మొదటి రూపం అదేనని చెబితే అతిశయోక్తి కాదు.

కణాలు విడివిడిగా ఉన్నంతసేపే ఎరుపు. రెండు కణాలు వాటి వ్యాసం కంటే దగ్గరగా వస్తే వాటి ఎలక్ట్రాన్ల ఊగిసలాటలు ఒకదానితో ఒకటి ముడిపడి, అనునాదం ఎరుపు తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది. ద్రవం ఊదాగా, ఆ తరువాత నీలంగా మారుతుంది. సిట్రేట్ అయాన్ల వల్ల ప్రతి కణం చుట్టూ రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఆ నెట్టుడు ఎంత దూరం పనిచేస్తుందో నీటిలోని ఉప్పు నిర్ణయిస్తుంది. సోడియం క్లోరైడు లీటరుకు 1 మిల్లీమోలు ఉంటే ఆ దూరం దాదాపు 10 నానోమీటర్లు. 100 మిల్లీమోళ్లు ఉంటే 1 నానోమీటరు. అంత దగ్గరకు వచ్చాక కణాల మధ్య సహజంగా ఉండే ఆకర్షణదే పైచేయి అవుతుంది. అందుకే ఈ ప్రయోగాలన్నీ అయాన్లు దాదాపు లేని అతి శుద్ధ జలంతో చేస్తారు. నగరంలో చాలా బోరు బావుల్లో వచ్చే కాల్షియం నిండిన గట్టి నీటిని నేరుగా కలిపితే, రెండు ఆవేశాలున్న కాల్షియం అయాన్లు ఈ రక్షణను మరింత సులువుగా తుడిచేస్తాయి.

రంగు మారే ఈ గుణాన్నే పట్టుకుని పాలలో మెలమైన్‌ను, నీటిలో పాదరసాన్ని, ఒక ప్రత్యేకమైన డీఎన్ఏ వరసను గుర్తించే పరీక్షలను ఎందరో రూపొందించారు. 1990ల చివర్లో డీఎన్ఏ తంతువులతో బంగారు కణాలను ముడివేసి రంగు మార్పుతో చదివిన పరిశోధన ఈ దారికి బాట వేసింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. ద్రవం నీలంగా మారిందంటే కణాలు గుంపుగూడాయని మాత్రమే అర్థం. ఎందుకు గుంపుగూడాయో రంగు చెప్పదు. శుద్ధ జలంలో పాదరసాన్ని కలిపి రంగు మారిందని చూపడం ఒక ఎత్తు, హుస్సేన్‌సాగర్ నీటిలోనో నల్లగొండ బావి నీటిలోనో అక్కడి లవణాలు, సేంద్రియ పదార్థాలు అన్నీ ఉండగా పాదరసానికే రంగు మారిందని నిరూపించడం మరొక ఎత్తు. మొదటిదాన్ని మాత్రమే చూపించి రెండోదాన్ని సాధించినట్టు రాసే పత్రాలు ఈ రంగంలో తక్కువేమీ కావు, వాటిని చదివేటప్పుడు మొదట వెతకవలసినది నమూనా ఎక్కడి నుంచి తెచ్చారన్నదే.

కణాల మధ్య సందుల్లోనే ఇంకొక అద్భుతం ఉంది. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ కలకత్తాలో కనుగొన్న ప్రభావం ప్రకారం, అణువులను తాకి చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పు ఆ అణువుకే సొంతమైన వేలిముద్ర. తెలుగువారికి ఈ విషయం దూరపుది కాదు. నిజాం కళాశాలలో చదివి రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం ఈ ప్రభావం మీదే జీవితంలో ఎక్కువ భాగం కృషి చేసి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. రామన్ కాంతికి ఉన్న లోపం దాని బలహీనత: చెదిరిన ఫోటాన్లలో సుమారు కోటికి ఒకటి. 1974లో ఫ్లైష్‌మన్ బృందం గరుకు వెండి మీద పిరిడిన్ అణువుల రామన్ సంకేతం అసాధారణంగా బలంగా రావడం గమనించింది. 1977లో రెండు వేర్వేరు బృందాలు అది ఉపరితలం వల్ల నిజంగా పెరిగిన సంకేతమేనని తేల్చాయి. లోహ కణాల మధ్య సందులో కాంతి క్షేత్రం కూడుకోవడం వల్ల సంకేతం పది లక్షల రెట్లు, కొన్ని చోట్ల అంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. పెరుగుదల క్షేత్రానికి దాదాపు నాలుగో ఘాతంలో ఉంటుంది కాబట్టి, సందులో ఒక్క నానోమీటరు తేడా కూడా ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

ఈ అసమానత ఎంత తీవ్రమో 2008లో అచ్చయిన ఒక కొలత చూపింది. వెండి పూసిన గోళాల ఉపరితలంపై అణువులు కూర్చున్న చోట్లలో పది లక్షలకు 63 మాత్రమే అత్యంత బలమైన చోట్లు. అయినా మొత్తం సంకేతంలో 24 శాతం ఆ 63 చోట్ల నుంచే వచ్చింది. ఒక చుక్క ద్రవం మీద లేజర్‌ను ఒక చోట పెడితే వచ్చిన అంకె, పక్కన అర మిల్లీమీటరు జరిపితే రాకపోవడానికి ఇంతకంటే స్పష్టమైన వివరణ అక్కరలేదు. గొప్ప సున్నితత్వం ఉన్నా ఈ పద్ధతి ఆసుపత్రి ల్యాబుల్లో, ఫోరెన్సిక్ ల్యాబుల్లో రోజువారీ పనిలోకి రావడానికి ఇంత కాలం పట్టడం ఇందువల్లే.

హైదరాబాదులో ఈ పరిశోధనకు ప్రత్యేకమైన బరువు ఉంది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన పేలుళ్లలో మరణించినవారిని ఈ నగరం మరచిపోలేదు. పేలుడు పదార్థాల ఆవిరి గాలిలో అతి స్వల్పంగా ఉంటుంది. తాకిన సంచి మీద, చేతి మీద మిగిలే ఆనవాలు కూడా అంతే. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో డీఆర్‌డీఓ సహకారంతో నడిచిన ఉన్నత శక్తి పదార్థాల కేంద్రం ఈ ఆనవాళ్లను పట్టుకోవడానికి రామన్ సంకేతాన్ని పెంచే లోహపు ఉపరితలాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ద్రవంలో ముంచిన వెండి లేదా బంగారు ముక్క మీద ఫెమ్టోసెకను (అతి స్వల్పకాలిక) లేజర్ స్పందనలు పంపితే, ద్రవంలోకి కణాలు రాలుతాయి, ముక్క మీద కూడా నానో గరుకుదనం మిగులుతుంది. క్షయకరణ రసాయనాలు అక్కరలేదు. పిక్రిక్ ఆమ్లం వంటి పేలుడు పదార్థాలను ఇటువంటి ఉపరితలాల మీద గుర్తించారు. అక్కడ కూడా అసలు ప్రశ్న ఒక ఉపరితలం ఇచ్చిన సంకేతాన్ని రెండో ఉపరితలం ఇస్తుందా అన్నదే.

తేడా ఎక్కడ పుడుతుందో ఇప్పుడు చూడవచ్చు. 1950లో లామర్, డైనగర్ ఇచ్చిన వివరణ ప్రకారం, ద్రవంలో విడుదలైన పరమాణువుల గాఢత ఒక హద్దు దాటితే ఒక్కసారిగా బీజాలు పుడతాయి. పుట్టిన బీజాలు పరమాణువులను లాక్కోవడంతో గాఢత ఆ హద్దు కిందికి పడిపోయి, కొత్త బీజాలు పుట్టడం ఆగిపోతుంది, ఉన్నవి మాత్రమే పెరుగుతాయి. బీజాలన్నీ ఒకే క్షణంలో పుడితే అన్నీ ఒకే పరిమాణానికి చేరతాయి. నారు ఒకే రోజు పోసిన మడి ఒకే ఎత్తున పెరిగినట్టు. కానీ ఫ్లాస్కులో సిట్రేట్ పడిన చోట గాఢత ఎక్కువ, అంచున తక్కువ. ఒక చోట బీజాలు పెరుగుతుండగా ఇంకొక చోట అప్పుడే పుడుతుంటాయి. ఎంత కలియబెట్టినా ఫ్లాస్కు పెద్దదయ్యేకొద్దీ ఈ అసమానత పెరుగుతుంది. సిట్రేట్ పద్ధతిలో జరిగే రసాయనిక చర్య లామర్ బొమ్మ కంటే చిక్కైనదని తరువాతి పరిశోధనలు చూపాయి గానీ, కలపడంలోని తేడా ఫలితంలో తేడాగా మారుతుందన్న మూలం మారలేదు.

ఇక్కడ సూక్ష్మ ప్రవాహం రంగంలోకి వస్తుంది. 100 మైక్రాన్ల వెడల్పు, అంటే దాదాపు తలవెంట్రుక మందం ఉన్న కాలువలో నీరు సెకనుకు 1 మిల్లీమీటరు నడిస్తే, జడత్వానికీ స్నిగ్ధతకూ ఉన్న నిష్పత్తిని చెప్పే రేనాల్డ్స్ సంఖ్య 0.1 మాత్రమే. గొట్టాల్లో సుడులు మొదలవడానికి అది 2,000 దాటాలి. బాపూఘాట్ దగ్గర మూసీ, ఈసీ నదులు కలిసినప్పుడు నీళ్లు సుడులు తిరిగి ఏకమవుతాయి. ఈ సన్నని కాలువలో మాత్రం రెండు ద్రవాలు గోడ కట్టినట్టు పక్కపక్కనే నడుస్తాయి, సరిహద్దు దగ్గర అణువులు తమంతట తాము వ్యాపించడం ద్వారా మాత్రమే కలుస్తాయి. చిన్న అణువు నీటిలో 100 మైక్రాన్లు వ్యాపించడానికి 5 సెకన్లు పడుతుంది. 10 మైక్రాన్లు అయితే సెకనులో 20వ వంతు. 1 సెంటీమీటరు అయితే దాదాపు 14 గంటలు. దూరం పదోవంతయితే కాలం నూరోవంతవుతుంది. ఈ ఒక్క సంబంధమే మైక్రోఫ్లూయిడిక్స్‌కు పునాది. సుడి లేకపోవడం మొదట లోపంగా కనిపించినా, ఎంత సేపటికి ఎంత కలుస్తుందో ముందే లెక్కకట్టగలగడం దాని బలం.

కాలువలో కాలం దూరంగా మారిపోవడం ఇంకా గొప్ప సంగతి. రెండు ద్రవాలు కలిసిన చోటు నుంచి 5 మిల్లీమీటర్ల దిగువన ఉన్న ద్రవం, పైన చెప్పిన వేగంలో, ఎప్పుడు చూసినా 5 సెకన్ల వయసుదే. ఫ్లాస్కులో ఒక్కసారి గడిచిపోయే క్షణం ఇక్కడ ఒక స్థలంలో నిలిచి ఉంటుంది. ఆ స్థలం మీద కాంతి వేసి గంటసేపు చూసినా అదే 5వ సెకను కనిపిస్తుంది. రసాయన శాస్త్రానికి ఇంతటి సౌకర్యం ఇంకెక్కడా దొరకదు.

సన్నని కాలువలు చెక్కిన ఈ చిప్‌ల చరిత్ర 1979లో స్టాన్‌ఫర్డ్‌లో సిలికాన్ పలక మీద చెక్కిన వాయు విశ్లేషణ పరికరం దాకా వెళుతుంది. ప్రయోగశాలలన్నిటికీ అందుబాటులోకి వచ్చినది మాత్రం 1990ల చివర్లో, జార్జ్ వైట్‌సైడ్స్ బృందం పీడీఎంఎస్ అనే పారదర్శక సిలికోన్ రబ్బరుతో చిప్‌లను అచ్చుపోయడం నేర్పాక. అచ్చు ఒకసారి తయారైతే రబ్బరును పోసి, గట్టిపడ్డాక ఊడదీసి, గాజు పలక మీద అతికించడం ఒక రోజు పని. శామీర్‌పేట దగ్గరి బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణంలో సూక్ష్మ ప్రవాహాల మీద పనిచేసే ప్రయోగశాల ఉంది, కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ విషయం మీద పరిశోధన జరుగుతోంది.

అయితే కాలువలో పోసినంత మాత్రాన కణాలు ఒకే పరిమాణంలో రావు. కాలువ మధ్యలో ద్రవం వేగంగా, గోడల దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది. కాబట్టి గోడ పక్కన నడిచిన కణం ఎక్కువసేపు పెరుగుతుంది. పైగా బంగారం గోడలకు అంటుకుంటుంది, కొన్ని గంటల్లో కాలువ లోపల ఊదా రంగు పూత కనిపిస్తుంది, ఆ పూతే కొత్త బీజాలకు ఆధారమై చర్యను చెడగొడుతుంది. దీనికి దొరికిన మంచి పరిష్కారం బిందువులు. నీటి ద్రావణాన్ని నూనెలోకి వదిలి ఒకే కొలత ఉన్న చుక్కలుగా తెంపితే, ప్రతి చుక్కా ఒక చిన్న ఫ్లాస్కు అవుతుంది. గోడను తాకేది నూనే, బంగారం కాదు. చుక్క వంపుల్లో నడిచేటప్పుడు లోపలి ద్రవం తనలో తాను చుట్లు తిరిగి వేగంగా కలుస్తుంది. ప్రతి చుక్క వయసూ ఒకటే. 2001 నుంచి పుంజుకున్న ఈ పద్ధతి నానో కణాల తయారీలో సాదా కాలువల కంటే నమ్మదగినదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

చిప్ చివర స్పెక్ట్రోమీటర్ పెట్టి, అనునాద శిఖరం ఎక్కడ ఉందో చూస్తూ పంపుల వేగాన్ని సరిదిద్దడం సహజంగా తోచే తరువాతి అడుగు. ఇక్కడ కాంతి చెప్పే సాక్ష్యానికి ఉన్న బలం ఎంతో కూడా తెలుసుకోవాలి. గుండ్రటి బంగారు కణాల వ్యాసం 10 నుంచి 30 నానోమీటర్లకు పెరిగినా శిఖరం పది నానోమీటర్ల లోపే జరుగుతుంది. అంటే ఎరుపు రంగు కణాలు విడిగా ఉన్నాయని గట్టిగా చెబుతుంది గానీ, వాటి పరిమాణాన్ని సన్నగా కొలవలేదు. దానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలసిందే. కడ్డీ ఆకారపు కణాల సంగతి వేరు. పొడవు వెడల్పుల నిష్పత్తి 4 అయితే పొడుగు దిశలోని అనునాదం 800 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, నిష్పత్తి కొంచెం మారినా శిఖరం పదుల నానోమీటర్లు జరుగుతుంది. కాబట్టి కాంతిని చూసి పంపును నడిపే పద్ధతి కడ్డీలకు బాగా నప్పుతుంది.

కడ్డీలకు వాడే సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనం మాత్రం హైదరాబాదు చలికాలంలో ఇబ్బంది పెడుతుంది. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీల కంటే తగ్గితే అది తెల్లటి స్ఫటికాలుగా విడిపోతుంది. డిసెంబరు రాత్రుల్లో 15 డిగ్రీలకు దిగే గదిలో బీకరు అడుగున అది తెల్లగా పేరుకుంటే మళ్లీ వెచ్చచేసి కరిగించవచ్చు. 100 మైక్రాన్ల కాలువలో పేరుకుంటే కాలువ పూడుకుపోతుంది. గుండ్రటి కాలువ వ్యాసం సగమైతే అదే ప్రవాహానికి 16 రెట్ల ఒత్తిడి కావాలి, అతుకు ఊడి చిప్ పగలడానికి ఎంతోసేపు పట్టదు. చిప్‌ను 28 నుంచి 30 డిగ్రీల దగ్గర నిలిపే చిన్న హీటరు ఈ పరిశోధనలో స్పెక్ట్రోమీటర్ అంత ముఖ్యమైన పరికరం.

ఉత్పత్తి ఎంత అన్న ప్రశ్న పరిశ్రమల నగరంలో తప్పక వస్తుంది. 100 మైక్రాన్ల వెడల్పు, అంతే లోతు, 1 సెంటీమీటరు పొడవున్న కాలువలో పట్టే ద్రవం 0.1 మైక్రోలీటరు. సెకనుకు 1 మిల్లీమీటరు వేగంతో గంటకు వచ్చేది 36 మైక్రోలీటర్లు. మామూలు సిట్రేట్ గాఢతలో అందులోని బంగారం 2 మైక్రోగ్రాములకు మించదు. వేగాన్ని వంద రెట్లు పెంచి, కాలువలను వంద పక్కపక్కన పెట్టినా గంటకు మిల్లీగ్రాముల లెక్కే. బాలాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో లోహపు పొడుల పరిశోధన కిలోల లెక్కలో సాగుతుంది. అటువంటి పనికి చిప్ పోటీ కాదు. అదే సంస్థ రూపొందించిన, నానో వెండి పూత ఉన్న తాగునీటి సిరామిక్ క్యాండిల్ కూడా పెద్ద ఎత్తున, చవకగా చేయవలసిన వస్తువు. అక్కడ కణాల పరిమాణంలో కొంత తేడా ఉన్నా సూక్ష్మజీవులను చంపే పని ఆగదు. వెండి అయాన్లు నీటిలోకి ఎంత విడుదలవుతున్నాయి, వాడి పారేశాక అది ఎక్కడికి చేరుతుంది అన్నదే అక్కడ పట్టించుకోవలసిన విషయం. ఒక పరీక్ష పట్టీకి మైక్రోగ్రాముల బంగారం చాలు కాబట్టి, రోగ నిర్ధారణ వస్తువులకు చిప్ ఉత్పత్తి అర్థవంతమైన దారి.

బంగారం కాని నానో కణాల్లో ఈ దారి ఇప్పటికే కర్మాగారాలకు చేరింది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో వాడే కొవ్వు నానో కణాలు సుమారు 100 నానోమీటర్ల లోపు ఉంటాయి. ఆల్కహాలులో కరిగిన కొవ్వులను ఆమ్ల జలంలోని ఎంఆర్‌ఎన్‌ఏతో మిల్లీసెకన్లలో కలిపితేనే అవి ఒకే పరిమాణంలో వస్తాయి. ఫ్లాస్కులో చేతితో పోస్తే రావు. 2022లో హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సాంకేతికతను చూపినప్పుడు వార్తల్లో ఎంఆర్‌ఎన్‌ఏ పేరే ఎక్కువగా వినిపించింది. దాన్ని మోసే కణాన్ని ఒకే తీరున కలపడం కూడా అంతే కష్టమైన పని. మందుల తయారీలో పెద్ద రియాక్టర్లకు బదులు సన్నని గొట్టాల్లో నిరంతరం చర్య జరిపే ఫ్లో కెమిస్ట్రీ కూడా ఇదే కుటుంబానిది. అయితే అక్కడ వాడే టోలుయీన్ వంటి ద్రావణులకు పీడీఎంఎస్ ఉబ్బిపోతుంది కాబట్టి గాజు, స్టీలు, టెఫ్లాన్ గొట్టాలే వాడాలి. చిప్ మీద అందంగా పనిచేసినది ఐడీఏ (పారిశ్రామికవాడ) షెడ్డులో పనిచేయకపోవడానికి రసాయన శాస్త్రం కంటే ఇటువంటి గోడల సంగతే ఎక్కువగా కారణమవుతుంది.

ప్లాస్మోనిక్స్, సూక్ష్మ ప్రవాహం కలిసి మార్కెట్లో స్థిరపడిన చోటు ఇంకొకటి ఉంది: ఉపరితల ప్లాస్మాన్ అనునాద పరికరం. గాజు మీద 50 నానోమీటర్ల బంగారు పొర, దాని కింద పట్టకం, పైన సన్నని ప్రవాహ గది. ప్రతిదేహం పొర మీద అతికి ఉంటే, ప్రవాహంలో వచ్చిన అణువు దానికి అంటుకున్నప్పుడు వక్రీభవన గుణకం మారి, అనునాద కోణం జరుగుతుంది. 1968లో ఓటో, క్రెచ్‌మన్ వేర్వేరుగా చూపిన అమరికలు, 1983లో వాయువులను, ప్రతిదేహాలను గుర్తించడానికి వాడటం, 1990లో స్వీడన్ నుంచి వాణిజ్య పరికరంగా రావడం దీని చరిత్ర. నగరంలోని బయోసిమిలర్ (ఉన్న జీవ ఔషధానికి సమానంగా తయారుచేసే) మందుల పరిశోధనలో ఒక అణువు లక్ష్యానికి ఎంత వేగంగా అంటుకుంటుంది, ఎంతసేపటికి విడిపోతుంది అన్నది తెలుసుకోవడానికి ఇది రోజువారీ పరికరం. రామన్ సంకేతం దాని అంత నమ్మకాన్ని సంపాదించలేకపోవడానికి కారణం చదునైన బంగారు పొరలో ఉంది: అక్కడ సందులు లేవు, ప్రతి చదరపు మైక్రానూ ఒకేలా స్పందిస్తుంది.

కాబట్టి సందులున్న కణాలకు ఆ స్థాయి నమ్మకం తేవాలంటే, సందులు ఏర్పడే క్షణాన్ని అదుపులో పెట్టాలి. బిందువుల చిప్‌లో దీనికి ఒక దారి కనిపిస్తోంది. ఎరుపు బంగారు ద్రవం, పరీక్షించవలసిన నమూనా, కణాలను గుంపుగూర్చే ఉప్పు నీరు మూడూ ఒకే చోట ఒక చుక్కలో కలుస్తాయి. చుక్క కాలువలో ముందుకు నడుస్తుండగా కణాలు జంటలుగా, గుంపులుగా చేరతాయి. రామన్ లేజర్‌ను కలిసిన చోటు నుంచి సరిగ్గా కొన్ని మిల్లీమీటర్ల దిగువన నిలుపుతారు. గాజు పలక మీద ఎండిన మరకలో యాదృచ్ఛికంగా దొరికే చోటును వెతకడం పోయి, ఒకే వయసున్న వందలాది చుక్కలు వరసగా లేజర్ ముందు నుంచి వెళతాయి, ప్రతి చుక్క నుంచి ఒక సంకేతం, వాటన్నిటి నుంచి ఒక సగటు, ఒక విచలనం వస్తాయి. అటువంటి చిప్ ముందు పేలుడు పదార్థపు ఆనవాలు గానీ, మూసీ నీటిలోని యాంటీబయాటిక్ అవశేషం గానీ పెట్టినప్పుడు, మొదటి చుక్కకూ వెయ్యో చుక్కకూ మధ్య వచ్చిన తేడా ఎంతో ఆ విచలనమే చెబుతుంది.